అందం వెనక అక్షరం

వారపత్రికల్లో ఒకప్పుడు కథ పేరును అచ్చు అక్షరాలతో కూర్చేవారు కాదు, చిత్రకారుడితో రాయించేవారు. లోపల కథంతా సీసపు అక్షరాల వరసలు. పైన పేరు మాత్రం కుంచెతోనో పాళీతోనో గీసినది. బాపు బొమ్మ ఎంత ప్రసిద్ధమో, ఆ బొమ్మ పక్కన కథ పేరు రాసే ఆయన తీరూ అంతే ప్రసిద్ధం. ఇండియన్ ఇంకుతో రాసిన ఆ పేరును ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేని చోటునంతా యాసిడ్‌తో తినిపించి, మిగిలిన రేకును చెక్కకు బిగించి టైపు ఎత్తుకు తెస్తే దాన్ని బ్లాకు అనేవారు. కంపోజిటర్ కూర్చిన మేటర్ పైన బ్లాకు పెట్టి ఫారం బిగించేవారు. బొమ్మగా వచ్చిన అక్షరం, టైపుగా వచ్చిన అక్షరం ఒకే సిరా పూసుకుని ఒకే కాగితం మీద పడేవి. చదివే కంటికి రెండూ అక్షరాలే.

తెర మీద అలా కాదు. అక్కడ ప్రతి శీర్షికకూ రెండు పొరలుంటాయి. ఒకటి మనకు కనిపించే రూపం. రెండోది దాని వెనక కంప్యూటర్ దగ్గరుండే అక్షరాల వరస. వెతికితే దొరికేది రెండోదే. కాపీ చేసి స్నేహితుడికి పంపితే వెళ్ళేది రెండోదే. చూపులేని పాఠకుడికి ఫోను చదివి వినిపించేది కూడా రెండోదే. శీర్షికను బొమ్మగా పెడితే పై పొర కళకళలాడుతుంది, వెనక పొర ఖాళీ.

నేను చిన్న పత్రికలకూ ప్రచురణ సంస్థలకూ వెబ్‌సైట్లు కట్టిపెడుతుంటాను. ఆ పనిలో నాకు మహా ఇష్టమైన భాగం శీర్షికలకు ఫాంటు అమర్చడం. పేజీలో మిగతా అంతా సదుపాయం కోసం చేసేదే. శీర్షిక దగ్గరే ఆ పత్రిక మొహం కనిపిస్తుంది. అయితే ఎంత ముచ్చటైన ఫాంటు చేతికొచ్చినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ అందం తీసేస్తే వెనక ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న నా సొంతం కాదు. వెబ్‌లో శీర్షికల చరిత్రంతా దీని చుట్టూనే తిరిగింది.

మొదట్లో వెబ్ పేజీ తన వెంట ఫాంటు తెచ్చుకునేది కాదు. చదివేవారి కంప్యూటర్లో ఏ ఫాంటు ఉంటే అందులోనే కనిపించేది. ఇంగ్లీషు వాళ్ళకు కూడా ఏరియల్, టైమ్స్, జార్జియా, వర్డానా లాంటి నాలుగైదు ఫాంట్లే దిక్కు. డిజైనర్లకు అది చాలలేదు. శీర్షికను ఫొటోషాప్‌లో చేసి బొమ్మగా పెట్టేవారు. వెనక పొర పోతోందని గ్రహించినవాళ్ళు శీర్షిక పాఠాన్ని పేజీలో ఉంచి, దాన్ని కనిపించకుండా దాచి, ఆ స్థానంలో బొమ్మ చూపించే కిటుకు కనిపెట్టారు. టాడ్ ఫార్నర్ పేరు మీద దానికి ఫార్నర్ పద్ధతి అని పేరొచ్చింది. 2003లో డగ్లస్ బౌమన్ రాసిన వ్యాసంతో అది బాగా వ్యాపించింది. తీరా చూస్తే, పూర్తిగా దాచేసిన పాఠాన్ని తెర చదివే సాఫ్ట్‌వేర్లు కూడా వదిలేస్తున్నాయి. ఎవరి కోసం దాచి ఉంచారో వాళ్ళకే అందలేదు. దాంతో పాఠాన్ని దాచడం మాని, తెరకు ఎడమవైపు వేల పిక్సెళ్ళ అవతలికి తోసేయడం మొదలుపెట్టారు. కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. మొరటు పనే. కానీ అక్షరాన్ని వదులుకోకూడదన్న పట్టుదల అందులో ఉంది, అది నాకు నచ్చుతుంది.

2004లో షాన్ ఇన్‌మన్ ఇంకో దారి తొక్కాడు. ఆ రోజుల్లో దాదాపు ప్రతి కంప్యూటర్లోనూ ఫ్లాష్ ఉండేది, ఫ్లాష్ ఫైలు లోపల ఫాంటును పొదగవచ్చు. పేజీ తెరుచుకోగానే చిన్న జావాస్క్రిప్టు ఒకటి శీర్షికలను వెతికి పట్టుకుని, ఒక్కోదాని స్థానంలో ఫ్లాష్ ముక్కను పెట్టి, శీర్షికలోని మాటలను దానికి అందించేది. ఫ్లాష్ ఆ మాటలను తనలో ఉన్న ఫాంటుతో గీసి చూపేది. దీన్ని మైక్ డేవిడ్సన్, మార్క్ వుబెన్ పెంచి పెద్దచేసి ‘సిఫర్’గా తీర్చిదిద్దారు. అసలు శీర్షిక వెడల్పు, ఎత్తు ముందే కొలిచి, అంతే మేరలో కొత్తది అమరేలా చూసేది సిఫర్. ఫ్లాష్ లేకపోయినా, జావాస్క్రిప్టు ఆపేసి ఉన్నా ఏమీ జరిగేది కాదు. పేజీలో మొదట రాసిన శీర్షిక మామూలు ఫాంటులో అలాగే ఉండిపోయేది.

సిఫర్ మీద నాకు ఇంత గౌరవం ఆ చివరి గుణం వల్లే. పేజీ నింపాదిగా తెరుచుకునేది, కుదుర్చుకోవడానికి కష్టపడాల్సి వచ్చేది, నిజమే. 2007లో వచ్చిన ఐఫోన్‌లోకి ఫ్లాష్ ఎన్నడూ రాలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతే ఆపేసింది. అయినా సిఫర్ వాడిన పాత పేజీని ఇవాళ తెరిచి చూడండి, శీర్షికలన్నీ ఉంటాయి, ఒక్క మాట కూడా పోకుండా. రంగూ రూపూ వెలిసిపోయి ఉంటాయి, అంతే. చేసినవాళ్ళు తమ పనిముట్టు ఎప్పటికీ ఉండదని తెలిసి చేశారు.

2009లో ఫిన్లాండ్ కుర్రాడు సిమో కిన్నునెన్ తెచ్చిన ‘కూఫోన్’ ఫ్లాష్ అవసరం కూడా లేకుండా చేసింది. ఫాంటులోని ఒక్కో అక్షరం గీతలను ముందే ఒక జావాస్క్రిప్టు ఫైలుగా మార్చి పెట్టుకుంటే, బ్రౌజరే వాటిని పేజీ మీద గీసేసేది. చకచకా పనిచేసేది, అమర్చడం కూడా తేలిక. రెండేళ్ళపాటు ఎక్కడ చూసినా అదే.

ఇంతవరకూ చెప్పిన కథంతా ఇంగ్లీషు శీర్షికలది. వీటిలో సిఫర్, కూఫోన్ రెండూ తెలుగుకు పనికి రాలేదు. ఎందుకు రాలేదో చూస్తే మన లిపి సంగతి తెలుస్తుంది.

‘జ్యోత్స్న’ అనే శీర్షిక తీసుకుందాం. కంటికి రెండే అక్షరాలు: జ్యో, త్స్న. కంప్యూటర్ దగ్గర మాత్రం అది తొమ్మిది గుర్తుల వరస. జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న. ఈ తొమ్మిదింటినీ రెండు అక్షరాలుగా కలిపేది ఫాంటు లోపలి నియమాలు, ఆ నియమాలను చదివి అమలుచేసే మరో ప్రోగ్రాము. పొల్లు పక్కన య వస్తే ఆ రెంటినీ కలిపి యవత్తుగా మార్చాలి. ఓత్వం య పక్కన రాసి ఉన్నా దాన్ని తెచ్చి జ మీద కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టేటప్పుడు జ రూపం దానికి తగ్గట్టు సర్దుకోవాలి. త కింద సవత్తు, నవత్తు రెండూ ఒకదానికొకటి తగలకుండా దిగాలి. కూఫోన్‌కు ఈ నియమాలు తెలియవు. అది గుర్తుకొక బొమ్మ చొప్పున వరసగా గీసుకుంటూ పోతుంది. ఇంగ్లీషులో అంతే చాలు. తెలుగులో అలా గీస్తే జ, య, త, స, న విడివిడిగా నిలబడి, పొల్లులు గాలిలో వేలాడతాయి. సిఫర్ వాడిన ఫ్లాష్‌లోనూ పొదిగిన ఫాంటుతో వత్తులు కలిసేవి కావు.

ఈ కలిపే పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకానికంతా తెలిసింది. జ కింద ఞ వత్తు, మధ్యలో కనిపించని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం: ఈ వరసతో ఉన్న తెలుగు సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం మన అక్షరం లోపల ఇంత పని జరుగుతుందని మొదటిసారి పేపర్లకెక్కడం ఒక రకంగా సంతోషం కలిగించింది. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ కూర్పు కోసం వాడేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాన్ని రాసి సంరక్షిస్తున్నవాళ్ళకు తెలుగువాళ్ళం రుణపడి ఉన్నాం.

అలాగని తెలుగు వెబ్‌లో ఫాంటు మార్పిడి జరగకపోలేదు. నిజానికి మనవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళకన్నా ముందే, అంతకన్నా పెద్ద ఎత్తున చేశారు. ఒక్క శీర్షికలకు కాదు, మొత్తం పేజీకి. 1997 ప్రాంతంలో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ పేజీతోపాటు ఫాంటును కూడా పంపే ఏర్పాటు తెచ్చాయి. రెండిటివీ వేరువేరు పద్ధతులు, ఒకదానిది ఇంకోదానికి పడదు. తెలుగు దినపత్రికలు ఆ ‘డైనమిక్ ఫాంట్ల’తో వెబ్‌లోకి వచ్చాయి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళు ఊరి పేపరును అదే రోజు పొద్దున్నే చదువుకోగలిగారంటే ఆ ఏర్పాటు చలవే. ఆ మేలు చిన్నది కాదు.

కానీ వెనక పొర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గళ్ళల్లో కూర్చోబెట్టారు. ఒక గంటు ఇక్కడ, ఒక వత్తు అక్కడ, తలకట్టు ఇంకెక్కడో. ఫాంటు వచ్చినంతసేపూ పై పొరలో చక్కటి తెలుగు. ఫాంటు రాకపోతే తెరనిండా నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న యూరపు అక్షరాలు. పైగా ఒక్కో పత్రికది ఒక్కో అమరిక. ఒక పత్రిక ఫాంటులో ‘క’ ఉన్న గడిలో ఇంకో పత్రికకు మరేదో ఉండేది. వెతకడానికి వీల్లేదు, ఒకచోటి వార్తను మరోచోట అతికించడానికి వీల్లేదు. ఫైర్‌ఫాక్స్ వాడే తెలుగువాళ్ళ కోసం ‘పద్మ’ అనే పొడిగింపు వచ్చింది. ఒక్కో పత్రిక అమరికనూ విప్పి, అసలైన తెలుగు గుర్తులుగా మార్చి చూపేది. దాన్ని రాసినవారు ఎంత ఓపికతో ఆ పట్టికలన్నీ తయారుచేశారో తలచుకుంటే చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. ఆ కాలపు పేజీలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. తెరిస్తే మాత్రం అర్థంకాని గుర్తుల గుట్టలే. సిఫర్ పేజీలు రూపం పోగొట్టుకుని పాఠం నిలుపుకున్నాయి. మనవి రూపంతోపాటు పాఠమూ పోగొట్టుకున్నాయి. రెండూ ఫాంటు మార్పిడులే. వెనక ఏం ఉంచారన్నదే తేడా.

తెలుగుకు సొంత గళ్ళు లేక అలా చేశారా అంటే, 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మనకు 128 గళ్ళు కేటాయించారు. లేనిది వాటిని చూపించే సరంజామా. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. తొలి తెలుగు బ్లాగరుల్లో చాలామంది ఈ ఫాంట్ల నీడన రాయడం మొదలుపెట్టినవారే. అక్షరం వెనక అక్షరమే ఉండటం అప్పటినుంచి మొదలైంది.

ఇక మిగిలింది అందం. పేజీతోపాటు ఫాంటు పంపే ఏర్పాటు అందరికీ ఒకే పద్ధతిలో 2008లో సఫారీలో, 2009లో ఫైర్‌ఫాక్స్‌లో, 2010 మొదట్లో క్రోమ్‌లో కుదురుకుంది. వెబ్ కోసమే ఫాంటును కుదించి ప్యాక్ చేసే వాఫ్ రూపం 2012 చివర్లో ప్రమాణమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సిలికానాంధ్ర పూనికతో తెలుగు ఫాంట్లు వరసగా వచ్చాయి: సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం, మండలి. వాటిలో చాలావాటి మీద పురుషోత్ కుమార్ గుత్తుల పేరుంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎక్కడైనా పెట్టుకోవచ్చు అనే స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. ప్రబంధ కవులూ భాషా సేవకులూ ఫాంట్ల జాబితాలో వరసగా కనిపిస్తే ఒళ్ళు పులకరిస్తుంది. చిన్న పత్రిక దగ్గర ఫాంటు కొనే డబ్బుండదు. ఈ ఫాంట్లు లేకపోతే నా పనిలో సగం లేదు.

ఫాంటు దొరికినంత మాత్రాన శీర్షిక కుదరదు. వెబ్‌సైట్ల మూసలు దాదాపు అన్నీ ఇంగ్లీషును కళ్ళముందు పెట్టుకుని చేసినవి. వాటిలో తెలుగు ఫాంటు పడేస్తే ఏమవుతుందో ఒక పత్రిక సంపాదకుడు నాకు ఫోన్లో చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు ఎక్కడో కొన్న మూసలో పత్రికను పెట్టుకున్నారు. ఆయన ముందు క్షేమసమాచారం కూడా అడగలేదు. “బాబూ, మా కథ పేరు ‘అన్న’. తెర మీద ‘అన’ అని వస్తోంది. వత్తు ఏదయ్యా?” అన్నారు. వెళ్ళి చూస్తే, ఆ మూస శీర్షిక పెట్టెకు ఇంగ్లీషు అక్షరం ఎత్తు మాత్రమే ఇచ్చి, బయటికి వచ్చినదాన్ని కత్తిరించమని చెబుతోంది. వత్తు సరిగ్గా ఆ కత్తిరింపు గీత కింద ఉంది. వెనక పొరలో ‘అన్న’ నిక్షేపంగా ఉంది. కానీ చదివేవాడికి అన్నయ్య పోయాడు.

ఇంగ్లీషు శీర్షికలకు వరుసల ఎడం అక్షరం సైజుకు 1.1 రెట్లో 1.2 రెట్లో ఇస్తారు. పెద్ద అక్షరాలు దగ్గరగా ఉంటేనే వాళ్ళకు బిగువు. తెలుగులో పై వరుసలో ‘త్స్న’ కిందికి దిగుతుంది, కింది వరుసలో ‘కీ’ పైకి లేస్తుంది. రెండూ ఢీకొంటాయి. నేను ఒకటిన్నర రెట్ల దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి తగ్గించుకుంటూ వస్తాను. సరిచూసుకోవడానికి ‘జ్యోత్స్న’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘వైశిష్ట్యం’ లాంటి మాటలతో రెండు వరుసల శీర్షికలు రాసి పెట్టుకుంటాను. ‘కమల’, ‘వనజ’ లాంటి మాటలు ఏ ఫాంటులోనైనా బాగానే ఉంటాయి, వాటితో ఏమీ తెలియదు. ఇంగ్లీషు శీర్షికల మూసలు అక్షరాల మధ్య అదనపు ఎడం కూడా పెడతాయి. తెలుగుకు దాన్ని సున్నా చేసేస్తాను. మన అక్షరాలు గుండ్రంగా ఉండి వాటి చోటు అవే తెచ్చుకుంటాయి.

బరువు సంగతి ఇంకా సూక్ష్మం. శీర్షిక అని చెప్పగానే బ్రౌజరు దాన్ని బొద్దుగా చూపించాలనుకుంటుంది. అది దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. రామభద్ర లాంటి ఫాంట్లకు ఉన్నది ఒకటే బరువు, అది ముందే బొద్దు. బొద్దు రూపం ఇంకోటి దొరక్క బ్రౌజరు తానే ఆ గీతలను లావు చేస్తుంది. ఇంగ్లీషులో అయితే కొంచెం మొద్దుగా కనిపించి ఊరుకుంటుంది. తెలుగులో ‘థ’ చూడండి. పొట్టలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. లావెక్కిన గీతలు పొట్టను ఇరుకు చేస్తాయి, చుక్క అంచుకు అంటుకుపోతుంది. ‘కథ’ కాస్తా ‘కధ’ అయి కూర్చుంటుంది. అసలే చాలామంది తప్పు రాసే మాట. కథల పత్రిక మొదటి పేజీలో, అంత పెద్ద అక్షరాల్లో, అలా కనిపించడం నాకు సహించదు. అందుకని శీర్షికలకు బరువు మామూలుదే అని రాసి, సొంతంగా లావు చేయొద్దని కూడా బ్రౌజరుకు చెబుతాను. రెండే ముక్కలు. కానీ తెలుగు సైట్లు తిరగేస్తుంటే ఈ రెండు ముక్కలూ లేక ఉబ్బిపోయిన శీర్షికలు ఎన్ని కనిపిస్తాయో!

ఇక ఫైలు సైజు. ఇంగ్లీషు ఫాంటుకు వంద బొమ్మలుంటే గడిచిపోతుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిపి వందల కొద్దీ కావాలి. అంతా పంపితే పల్లెలో తక్కువ సిగ్నల్ మీద చదివేవాడికి భారం. అవసరం లేనివి తీసేసి చిన్నది చేయడం మంచిదే, చూసి చేయాలి. శీర్షికల్లో ఉన్న గుర్తులు లెక్కబెట్టి అవి మాత్రం ఉంచే పనిముట్లలో కొన్ని, గుర్తులు ఉంచి వాటి కలయికల రూపాలు పారేస్తాయి. అప్పుడు మళ్ళీ కూఫోన్ నాటి పొల్లులే. ఫాంటులో లేని గుర్తు వచ్చినా చిక్కే. 2021లో యూనికోడ్‌లోకి నకారపొల్లు వచ్చింది. పాత గ్రంథాల పేర్లు యథాతథంగా పెట్టే సైటుకు అది కావాలి. అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండదు. శీర్షిక మధ్యలో ఆ ఒక్క అక్షరం వేరే ఫాంటులోంచి వచ్చి పరాయిగా నిలబడుతుంది. అలాంటి సైట్లకు నేను ఫాంటు ఎంచేటప్పుడే ఆ అక్షరం ఉందో లేదో చూస్తాను, అందం తర్వాత.

‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద్ తర్వాత కనిపించని విడదీత గుర్తు పెడతాం. అది పోతే ‘హైదరాబాద్లో’ అని ద కింద లవత్తు వేలాడుతుంది. తెలుగు గుర్తులకు ఈ ఫాంటు వాడమని బ్రౌజరుకు ఇచ్చే పరిధిలో ఆ గుర్తును కూడా చేరుస్తాను. వ్యాసాలను శుభ్రం చేసే పేరుతో కనిపించని గుర్తులన్నీ ఊడ్చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిని శీర్షికల దరిదాపులకు రానివ్వను.

ఫాంటు దారిలో ఉన్నంతసేపు ఏం చూపించాలి? బ్రౌజరుకు వదిలేస్తే మూడు సెకన్లదాకా శీర్షిక చోటును ఖాళీగా ఉంచగలదు. నేను ముందు ఫోనులో ఉన్న ఫాంటులోనే చూపించమని, మనది చేరాక మార్చమని చెబుతాను. ఆండ్రాయిడ్‌లో నోటో, యాపిల్‌లో కోహినూర్, విండోస్‌లో నిర్మల. ఇవి మర్యాదైన ఫాంట్లు. మారేటప్పుడు పేజీ ఎగిరిపడకుండా రెండింటి కొలతలూ దగ్గరకు తెచ్చే సదుపాయాలు ఇప్పుడున్నాయి, ఆ లెక్క కుదిరేవరకూ కూర్చుంటాను. చాలామంది డిజైనర్లు ఆ ముందరి రూపాన్ని చూడను కూడా చూడరు. ఫాంటు ఎన్నటికీ చేరని పాఠకులు మనకు చాలామంది ఉన్నారు. డేటా అయిపోయినవాళ్ళు, పాత ఫోనువాళ్ళు. వాళ్ళకు కనిపించే శీర్షికే వాళ్ళకు పత్రిక. అందుకే ఆ రూపంలో కూడా వరుసల ఎడం, సైజు కుదిరాయో లేదో చూశాకే మిగతా పని.

చూపులేని పాఠకులు పేజీని పైనుంచి కిందిదాకా వినరు. ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్లో హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతుతారు. మనం పేజీని కంటితో పైపైన తిరగేసినట్టే వాళ్ళు చెవితో తిరగేస్తారు. శీర్షిక బొమ్మయితే అక్కడ మెట్టు లేదు. సైజు పెంచి శీర్షికలా కనిపించేలా చేసిన మామూలు వాక్యమైనా అంతే. శీర్షికను శీర్షికగా రాసి, పేజీ తెలుగులో ఉందని గుర్తు పెడితే గొంతు తెలుగుకు మారి ‘జ్యోత్స్న’ అని పలుకుతుంది. ఆ గుర్తు రెండక్షరాలే. దాన్ని కూడా వదిలేసిన తెలుగు సైట్లు కనిపిస్తే నాకు కోపం వస్తుంది.

బాపు రాతను తలపించే ఫాంట్లు డీటీపీ సెంటర్లలో ఎప్పటినుంచో ఉన్నాయి, పెళ్ళి శుభలేఖల నిండా అవే. శీర్షికలకు అవి పెట్టమని అడిగేవాళ్ళూ ఉన్నారు. నాకు మనసొప్పదు. ఆయన ఒక్కో కథకు ఒక్కోలా రాశారు. ఫాంటులో ప్రతి ‘అ’ ఒకేలా ఉంటుంది. చేతిరాత కావాలంటే బతికున్న చిత్రకారుడికి డబ్బిచ్చి రాయించుకుని, దాన్ని గీతల రూపంలో పెట్టి, వెనక అసలు పాఠం ఉంచడం మేలు. ఒకరిద్దరు సంపాదకులు ఒప్పుకున్నారు కూడా. ప్రత్యేక సంచికకు, ముఖ్యమైన కథకు అది చాలా బాగుంటుంది. రోజువారీ శీర్షికలకు ఫాంటే సరైనది.

నిడివి వ్యాసాలకు ఇప్పుడు టైరో తెలుగు వాడుతున్నాను. మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం చేసిన అక్షరాల నుంచి వచ్చింది. పెద్దన మనుచరిత్రను 2015లో ఆ గ్రంథమాల మొదటి పుస్తకాల్లో అచ్చువేశారు. పాత అచ్చు పుస్తకాల ఒద్దిక ఇందులో ఉంది. వార్తల్లాంటి శీర్షికలకు మాత్రం ఏక్ టైప్ వాళ్ళు 2022లో విడుదల చేసిన అనేక్ తెలుగు వైపు మొగ్గుతున్నాను. ఒకే ఫైలులో సన్నం నుంచి బాగా బొద్దుదాకా అన్ని బరువులూ ఉన్నాయి కనుక బ్రౌజరు తానే లావు చేసే బాధ ఉండదు. అంతకన్నా నాకు పనికొచ్చేది దాని వెడల్పు గుణం. తెలుగు మాటలు పొడుగు. ‘విశ్వవిద్యాలయాలన్నింటికీ’ అనే మాట చిన్న ఫోను తెర మీద పెద్ద అక్షరాల్లో ఒక వరుసలో పట్టదు. సైజు తగ్గిస్తే శీర్షిక బలం పోతుంది, మాటను మధ్యలో విరిస్తే చదవడానికి ముల్లులా గుచ్చుకుంటుంది. అనేక్‌లో అక్షరం ఎత్తు తగ్గకుండా వెడల్పును నూటికి డెబ్బై ఐదు దాకా కుదించవచ్చు. అదీ పక్కలనుంచి నొక్కిన అక్షరంలా కాక, డిజైనరు కూర్చుని సన్నగా గీసిన అక్షరంలా. ఫోనులో కుదించి, పెద్ద తెర మీద విప్పి చూపించేలా ఒక కథల సైటుకు ఇప్పుడు అమరుస్తున్నాను. ‘థ’ పొట్టలో చుక్క ఆ సన్నటి రూపంలోనూ విడిగా నిలిచే బరువు ఏదో తేల్చుకోవడం దగ్గర ఉన్నాను.